స్కూటర్ వచ్చు, క్లచ్ తెలీదు: బేసిక్ బైక్ సేఫ్టీ కోర్సుకి ఎలా సిద్ధమవ్వాలి?

మొదటిగేర్:

అందరికీ నమస్తే. గేర్లు లేని స్కూటర్ బాగానే నడుపుతాను. గేరు బండి మాత్రం ఇంతవరకూ ముట్టుకోలేదు. మూడు వారాల్లో రెండు రోజుల బేసిక్ సేఫ్టీ కోర్సు ఉంది. కొంతసేపు క్లాసు, మిగతాదంతా గ్రౌండులో. బండి వాళ్లే ఇస్తారట, చివర్లో చిన్న టెస్ట్ ఉంటుందట.

అడగాలనుకున్నవి ఇవీ. ఈలోపు ఎవరిదైనా బండి తీసుకుని కాస్త నేర్చుకుని వెళ్లాలా, ఏమీ రాకుండా వెళ్లినా పర్లేదా? అక్కడ కొత్తవాళ్లు ఎక్కువగా ఎక్కడ తడబడతారు? హెల్మెట్, బూట్ల లాంటివాటిలో ఏం చూసుకోవాలి? నా ఎత్తు 5 అడుగుల 1 అంగుళం, కాళ్లు నేలకి అందవేమోనని ఒక భయం. "జాగ్రత్తగా నడపండి, బాగా చేస్తారు" లాంటివి కాకుండా వివరంగా చెప్తే మేలు.

కోన్‌మధ్య:

ఎవరి బండో తీసుకుని సందులో నేర్చుకుని వెళ్లొద్దు. కోర్సు పాఠాలు అసలు తయారు చేసిందే క్లచ్ ఏదో బ్రేకు ఏదో తెలియనివాళ్ల కోసం. అరకొరగా నేర్చుకుని వచ్చినవాళ్లకి రెట్టింపు పని: ముందు పాతది చెరపాలి, తర్వాత కొత్తది రాయాలి.

మీకు చెరపాల్సింది ఇప్పటికే ఒకటుంది. స్కూటర్‌కి ఎడమ చేతి దగ్గర ఉండేది వెనక బ్రేకు. గేరు బండికి అదే చోట క్లచ్ ఉంటుంది. కంగారు పుట్టగానే చెయ్యి పాత అలవాటు కొద్దీ ఎడమ లివర్‌ని గట్టిగా పట్టేస్తుంది. దాంతో ఇంజిన్‌కీ చక్రానికీ లంకె తెగిపోతుంది, ఇంజిన్ బ్రేకింగ్ (రేజ్ వదలగానే ఇంజినే బండిని నెమ్మదింపజేయడం) కూడా ఉండదు, బండి హాయిగా ముందుకి దొర్లుతూనే ఉంటుంది. నడిపేవాళ్లకి మాత్రం బ్రేకు వేశాననే ఉంటుంది. స్కూటర్ నుంచి వచ్చినవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే, అది కూడా మొదటి రోజు కాదు, ధైర్యం వచ్చి వేగం పెంచిన రెండో రోజు.

ఇంట్లో చేయదగ్గ పని ఒకటి చెప్తాను. డబుల్ స్టాండ్ వేసి ఉన్న ఏ గేరు బండైనా చాలు, ఇంజిన్ ఆఫ్, తాళం తీసేసి. ఎక్కి కూర్చుని కళ్లు మూసుకోండి. "ఆగు" అని ఎవరినైనా అనమనండి. ఆ మాటకి నాలుగు అవయవాలూ కదలాలి: కుడి చెయ్యి ముందు బ్రేకు, కుడి కాలు వెనక బ్రేకు, ఎడమ చెయ్యి క్లచ్, ఎడమ కాలు గేరు కిందికి. రోజుకి 20 సార్లు, ఒక వారం. ఐదు నిమిషాల పని. ఎడమ చెయ్యి ఒక్కటే ముందు పరిగెడుతోందంటే పాత అలవాటు ఇంకా వదల్లేదన్నమాట.

ఇక హాఫ్ క్లచ్. గ్రౌండులో మొదటి గంట దాదాపు అంతా దీని మీదే. రెండు పాదాలూ నేల మీద పెట్టి, మొదటి గేరు వేసి, రేజ్ అస్సలు ఇవ్వకుండా క్లచ్‌ని మెల్లగా వదులుతారు. ఒక చోట ఇంజిన్ శబ్దం కాస్త బరువెక్కుతుంది, బండి ముందుకి కదలబోతుంది. ఆ చోటే హాఫ్ క్లచ్. అర మీటరు కదలనిచ్చి మళ్లీ క్లచ్ పట్టేయాలి, కాళ్లతో వెనక్కి నెట్టుకోవాలి, మళ్లీ. పదిహేను ఇరవై సార్లకి వేళ్లకి ఆ చోటు గుర్తుండిపోతుంది.

బండి ఆఫ్ అయిపోవడానికి కారణం దాదాపు ప్రతిసారీ ఒకటే: సగం వరకు చక్కగా వదిలి, బండి కదలగానే "హమ్మయ్య" అని మిగతాది ఒక్కసారిగా వదిలేస్తారు. అలా కాకుండా హాఫ్ క్లచ్ దగ్గర చేతిని బిగబట్టండి. బండి రెండు మూడు మీటర్లు దొర్లాకే మిగతాది వదలాలి. ఆఫ్ అయితే సిగ్గుపడక్కర్లేదు, క్లచ్ పట్టుకుని స్టార్ట్ చేస్తే సరి. ఆఫ్ అయిన కంగారులో రేజ్ విపరీతంగా ఇచ్చి క్లచ్ వదిలేయడమే ప్రమాదం.

కుడి మణికట్టు ఎలా ఉందో మొదటి నుంచీ చూసుకోండి. రేజ్ ఏమీ ఇవ్వనప్పుడు మణికట్టు ముంజేతికి సమంగా లేదా కాస్త కిందికి ఉండాలి. పైకి లేచి ఉంటే బ్రేకు కోసం వేళ్లు చాపినప్పుడు అరచెయ్యి తిరిగి రేజ్ పెరుగుతుంది. బండి ముందుకి ఎగబడగానే ఒళ్లు వెనక్కి పోతుంది, చెయ్యి హ్యాండిల్‌ని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది, రేజ్ ఇంకా పెరుగుతుంది. ఆ గొలుసుని తెంపేది క్లచ్ ఒక్కటే. బండి చెయ్యి దాటిపోతోందని అనిపించిన క్షణం ఎడమ లివర్ పూర్తిగా పట్టేయండి. ఇంజిన్ ఎంత అరిచినా బండి గుంజడం ఆగిపోతుంది, ఆ తర్వాత తీరిగ్గా బ్రేకు వేసుకోవచ్చు.

వంకరటింకర:

పైన చెప్పినవాటిలో అన్నిటికీ ఒప్పుకుంటాను, ఒకటి కలుపుతాను. ఈ మూడు వారాలూ సైకిల్ తొక్కండి. నడక కంటే నెమ్మదిగా, కాలు దించకుండా, రెండు రాళ్ల మధ్య ఎనిమిది అంకె వేస్తూ. బాలెన్స్ ఎలాగూ మీకుంది, ఇది చూపు కోసం. అసలు కొత్తవాళ్లు గ్రౌండులో తడబడేది చేతుల వల్లకన్నా కళ్ల వల్ల ఎక్కువ. కోన్ గుద్దకూడదని కోన్‌నే చూస్తారు, దాన్నే గుద్దుతారు. గీత దాటకూడదని గీతనే చూస్తారు, దాటేస్తారు.

యూటర్న్ గడి, అంటే గీతలు దాటకుండా బండిని వెనక్కి తిప్పాల్సిన చోటు, పేరు చెప్తేనే అందరికీ గుండె దడ. కోర్సుని బట్టి 6 నుంచి 7.5 మీటర్ల వెడల్పు ఉంటుంది. 125 నుంచి 250 సీసీ బండికి అది ధారాళంగా సరిపోతుంది. లోపలికి వెళ్లేముందే వేగం తగ్గించుకోండి. ముందు బ్రేకు మీద నుంచి వేళ్లు తీసేయండి, హ్యాండిల్ తిరిగి ఉన్నప్పుడు ముందు బ్రేకు తగిలితే బండి అక్కడికక్కడే పక్కకి కూలబడుతుంది. రేజ్ సన్నగా, ఒకే తీరుగా. వేగాన్ని హాఫ్ క్లచ్‌తోను, కుడి కాలితో వెనక బ్రేకుని తేలిగ్గా ఒత్తి ఉంచడంతోను నడిపించాలి. బండి లోపలికి వాలుతుంది, మీ ఒంటిని మాత్రం బయటివైపు పెట్టండి, బయటి ఫుట్‌రెస్ట్ మీద బరువు వేయండి. తల మాత్రం పూర్తిగా తిప్పాలి. గడ్డం భుజం మీదికి వచ్చేదాకా. బయటికి వెళ్లే చోటు కనిపించిందా, హ్యాండిల్ దానంతటదే అటు తిరుగుతుంది. తల సగమే తిప్పినవాళ్లు సగం యూటర్నే చేస్తారు.

సడన్ బ్రేకు పాఠంలో స్కూటర్‌వాళ్లకి ఇంకో ఇబ్బంది: ముందు బ్రేకంటే భయం. "ముందు బ్రేకు వేస్తే పల్టీ కొడతావు" అని చిన్నప్పటి నుంచి వింటారు. బ్రేకు వేయగానే బండి బరువు ముందు చక్రం మీదికి వస్తుంది, వెనక చక్రం తేలికైపోతుంది. బరువు ఎక్కడుంటే పట్టు అక్కడుంటుంది. అందుకే గట్టి బ్రేకింగ్‌లో పనిలో 70 శాతం, ఆ పైన కూడా, ముందు చక్రమే చేస్తుంది. జారిపోయేది ఎప్పుడంటే, బరువు ఇంకా ముందుకి రాకముందే లివర్‌ని గుప్పిట్లో నలిపినప్పుడు. కాబట్టి రెండు అంచెలు: మొదట లివర్‌ని మెత్తగా తాకించి ఒత్తాలి, ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టుకునే స్ప్రింగు గొట్టాలు) కుంగడం తెలుస్తుంది, ఆ వెంటనే పెంచుకుంటూ పోవాలి. నిమ్మకాయ పిండినట్టు. మధ్యలో అర సెకను కూడా పట్టదు. వెనక బ్రేకు మొదటి నుంచీ తేలిగ్గా, బండి ముందుకి కుంగేకొద్దీ ఇంకా తేలిగ్గా.

పొడి రోడ్డు, మంచి టైర్లు, రెండు బ్రేకులూ సరిగ్గా వాడితే సుమారు లెక్క ఇదీ. 40 కి.మీ. వేగంలో బ్రేకు పడ్డాక 9 మీటర్లు, 60లో 20 మీటర్లు, 80లో 36 మీటర్లు. ప్రమాదం చూసి చెయ్యి కదలడానికి సెకను పడితే ఆ సెకనులో పోయేవి వరసగా 11, 17, 22 మీటర్లు. అంటే మొత్తం 20, 37, 58. వేగం రెట్టింపైతే బ్రేకు దూరం నాలుగు రెట్లు, 40ని 80తో పోల్చి చూడండి. ఒక్క వెనక బ్రేకుతోనే ఆపితే 60లో ఆ 20 మీటర్లు దాదాపు 40 అవుతాయి.

తప్పుకోవడం, అంటే అడ్డం వచ్చినదాన్ని పక్క నుంచి తప్పించడం, ఇంకో పాఠం. బ్రేకు వేస్తూ తప్పుకోవద్దు, తప్పుకుంటూ బ్రేకు వేయొద్దు. టైరుకుండే పట్టు ఒక చెంబెడు నీళ్లు అనుకోండి. బ్రేకుకే అంతా పోసేస్తే మలుపుకి చుక్క మిగలదు. తప్పుకుని బండి నిటారుగా అయ్యాక బ్రేకు, లేదా బ్రేకు వదిలేసి తప్పుకోవడం.

మొదటిగేర్:

ఇద్దరికీ థాంక్స్. రెండు అనుమానాలు. హ్యాండిల్‌ని ఎడమ వైపు ముందుకి నెడితే బండి ఎడమకే వెళ్తుందని కోర్సు పుస్తకంలో ఉంది. హ్యాండిల్ అప్పుడు కుడికి కదా తిరిగేది? అచ్చుతప్పా? రెండోది, నేను బ్రేకు మీద ఎప్పుడూ రెండు వేళ్లు ఉంచుకునే నడుపుతాను. అది మంచి అలవాటే కదా?

వంకరటింకర:

అచ్చుతప్పు కాదు. మీరు స్కూటర్ మీద ఇన్నాళ్లూ చేస్తున్నదీ అదే, తెలియకుండా. ఎడమ పిడిని ముందుకి నెట్టినప్పుడు ముందు చక్రం రవ్వంత కుడికి తిరుగుతుంది. నేలని తాకే చోటు కుడికి జరిగిపోయేసరికి పైనున్న బరువు ఎడమకి వాలుతుంది. వాలిన బండి ఎడమకి తిరుగుతుంది, చక్రం కూడా వెంటనే ఎడమకి సర్దుకుంటుంది. అరచేతిలో కర్ర నిలబెట్టి ఆడించినప్పుడు కర్ర ఎడమకి పడాలంటే చేతిని కుడికి జరుపుతారు కదా, అదే కిటుకు.

బాగా నెమ్మదిగా పోతున్నప్పుడు, యూటర్న్ గడిలో లాగా, ఇది తెలియదు, అక్కడ హ్యాండిల్ ఎటు తిప్పితే బండి అటే. సుమారు 20 కి.మీ. దాటాక స్పష్టంగా తెలుస్తుంది. గ్రౌండులో 30 దగ్గర తిన్నగా పోతూ ఎడమ అరచేతి మడమతో పిడిని ముందుకి తేలిగ్గా ఒత్తి చూడండి. కిందికి ఒత్తితే ఏమీ కాదు, ముందుకే. ఒత్తిడి ఎంతసేపుంటే వాలు అంతసేపు పెరుగుతుంది, ఆపితే ఆగుతుంది. మోచేతులు బిగుసుకుని ఉంటే రెండు చేతులూ ఒకదాన్నొకటి ఆపేసుకుంటాయి, బండి తిరగనే తిరగదు. మోచేతులు కాస్త వంచి, మోకాళ్లతో ట్యాంకుని పట్టుకుంటే చేతులు వదులవుతాయి.

కోన్‌మధ్య:

రెండు వేళ్ల మీద వాదన ఎప్పటికీ తెగదు. రద్దీలో, ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రం లాక్ అవ్వకుండా చూసేది) ఉన్న మంచి డిస్కు బండి మీద, చెయ్యి తిరిగినవాళ్లకి అది పనికొస్తుంది, అర సెకను కలిసొస్తుంది. కోర్సులో మాత్రం వద్దు. ఒకటి, మొదటి పాఠాలన్నీ 10-15 కి.మీ. వేగంలో, హ్యాండిల్ తిప్పుతూ చేసేవి. వేళ్లు లివర్ మీదుంటే భయానికి అవే నొక్కేస్తాయి, బండి పడుతుంది. రెండు, ట్రైనింగ్ బండికి డ్రమ్ము బ్రేకు ఉంటే రెండు వేళ్ల బలం చాలదు, మిగతా రెండు వేళ్లు పిడికీ లివర్‌కీ మధ్య నలుగుతాయి కూడా. అక్కడ నాలుగు వేళ్లూ వాడమంటారు, అవసరం లేనప్పుడు నాలుగూ పిడి మీదే ఉండాలంటారు.

చక్రం లాక్ అయితే, అంటే బ్రేకుకి తిరగడం ఆగిపోయి జారుతుంటే, ఏం చేయాలో కూడా అడుగుతారు. ముందుది లాక్ అయితే లివర్ వెంటనే వదిలి మళ్లీ మెత్తగా ఒత్తాలి, ఆలోచించే వ్యవధి ఉండదు. వెనకది లాక్ అయి బండి తోక పక్కకి పోతే, వదలకుండా అలాగే ఒత్తి ఉంచి తిన్నగా ముందుకి చూస్తూ ఆగడమే మేలు. పక్కకి తిరిగి ఉన్నప్పుడు ఠక్కున వదిలితే చక్రం పట్టు దొరికించుకుని బండి ఒక్క ఊపుతో ఎదుటి పక్కకి తిరగబడి మనిషిని విసిరేస్తుంది. బండికి ఏబీఎస్ ఉంటే ఈ గొడవ లేదు. గట్టిగా ఒత్తి పట్టుకోండి, లివర్ టకటకమని కొట్టుకుంటుంటే అది పనిచేస్తున్నట్టే, భయపడి వదలొద్దు.

టెస్ట్‌లో చాలా చోట్ల కాలు దించితే, కోన్ తగిలితే, గీత దాటితే మార్కులు పోతాయి, అంతే. బండి కింద పడేస్తే మాత్రం సాధారణంగా అక్కడితో ఆపేస్తారు. కాబట్టి పడబోతుంటే పంతం పట్టకుండా కాలు దించేయండి.

స్పానర్‌బాబాయ్:

సామాన్ల సంగతి నేను చెప్తాను.

హెల్మెట్ కొత్తది కొంటుంటే కనుబొమ్మలకి వేలెడు పైన తల చుట్టూ టేపు పెట్టి కొలుచుకోండి. పెట్టుకున్నాక బుగ్గలు కాస్త నొక్కుకోవాలి, నమిలితే లోపలి బుగ్గ పళ్లకి తగిలేంత. నుదుటి మీద ఒక్క చోటే పొడుస్తుంటే ఆ ఆకారం మీ తలకి కాదు, సైజు పెంచి లాభం లేదు. పట్టీ బిగించి, వెనక అంచు పట్టుకుని ముందుకి దొర్లించి చూడండి. తల మీద నుంచి ఊడొస్తే ప్రమాదంలోనూ ఊడొస్తుంది. ఇరవై నిమిషాలు పెట్టుకుని కూర్చుంటే నొప్పి ఉందో లేదో తేలిపోతుంది. అద్దం తెల్లది తీసుకోండి, నల్లదాంతో సాయంత్రం పని జరగదు. ఒకసారి దెబ్బ తిన్న హెల్మెట్ వాడొద్దు. లోపలి థర్మోకోల్ లాంటి పొర నలిగి దెబ్బని మింగుతుంది, ఒక్కసారే. బయటికి గీత కూడా కనపడకపోవచ్చు.

బూట్లు చీలమండ దాటి ఉండాలి, అడుగు జారకూడదు. లేసులు లోపలికి దోపండి. ఎడమ లేసు గేరు లివర్‌కో ఫుట్‌రెస్ట్‌కో చుట్టుకుంటే ఆగినప్పుడు కాలు నేలకి రాదు, నిలబడ్డ బండి నిలబడ్డట్టే పడిపోతుంది. గ్లోవ్స్ నిండు వేళ్లవి, అరచేతి దగ్గర తోలున్నవి. దళసరి జీన్సు, పొడుగు చేతుల చొక్కా. నీళ్ల సీసా మర్చిపోవద్దు, ఎండలో హెల్మెట్‌తో నాలుగు గంటలయ్యాక మధ్యాహ్నం చేసే తప్పుల్లో సగం దాహం వల్లే.

ఎత్తు గురించి బెంగ వద్దు. రెండు మడమలూ ఆననక్కర్లేదు, రెండు కాళ్ల ముందు భాగం ఆనితే చాలు. ఎలాగూ ఆగేటప్పుడు ఎడమ కాలే దించాలి, కుడి కాలు బ్రేకు మీద ఉండాలి. సీటు మీద ఒక అంగుళం ఎడమకి జరిగితే ఆ కాలు నిండుగా ఆనుతుంది. అందరికంటే ముందు వెళ్లి ఎత్తు తక్కువ బండి అడిగి తీసుకోండి. వేళ్లు పొట్టివైతే లివర్‌కి సర్దుబాటు ఉందేమో అడగండి, క్లచ్ చివరి కణుపుతో లాగాల్సి వస్తే గంటకే చెయ్యి లాగేస్తుంది.

బండి ఎక్కే ముందు చూడాల్సినవి నేర్పుతారు: టైర్లు, కంట్రోల్స్, లైట్లు, ఆయిలు, ఛాసిస్ (బండి చట్రం, చైన్ లాంటివి), స్టాండ్లు. ఎక్కువ మంది చూసీ చూడనట్టు వదిలేసేవి రెండు. టైరు గాలి చల్లగా ఉన్నప్పుడే కొలవాలి, నాలుగు కిలోమీటర్లు పోయి వచ్చాక కొలిస్తే ఎక్కువ చూపిస్తుంది. చైన్ కింది వరస మధ్యలో వేలితో ఎత్తి దించితే చాలా బండ్లకి 20 నుంచి 30 మి.మీ. ఆడాలి, అసలు అంకె బండి పుస్తకంలో ఉంటుంది. చక్రాన్ని చేత్తో తిప్పుతూ నాలుగైదు చోట్ల చూడండి, చైన్ అంతటా ఒకేలా సాగదు. ఇంజిన్ నడుస్తుండగా మాత్రం చైన్ దగ్గరికి వేలు పెట్టొద్దు.

స్టార్ట్ అవ్వకపోతే పరువు పోయిందనుకోకండి. కిల్ స్విచ్ (హ్యాండిల్ మీద ఇంజిన్ ఆపేసే స్విచ్) చూడండి. తర్వాత సైడ్ స్టాండ్. చాలా బండ్లు స్టాండ్ వేసి ఉండగా గేరు వేస్తే ఆఫ్ అయిపోతాయి. గేర్లు ఎటు పడతాయో కూడా ముందే అడగండి. ఎక్కువ బండ్లకి ఒకటి కిందికి, మిగతావన్నీ పైకి, కొన్నిటికి అన్నీ ఒకే వైపు. పక్కవాళ్ల బండి మీద నేర్చుకుని వచ్చినవాళ్లకి ఇక్కడే దెబ్బ తగులుతుంది.

మొదటిగేర్:

బాబాయ్, చాలా థాంక్స్. ఇంకొక్కటి. డబుల్ స్టాండ్ వేసి, ఇంజిన్ ఆఫ్‌లోనే గేర్లు వేసి చూస్తున్నాను. న్యూట్రల్ (ఏ గేరూ పడని చోటు) అసలు దొరకట్లేదు, ఒకటి నుంచి తిన్నగా రెండుకి పోతోంది. వాన పడితే కోర్సు ఆపేస్తారా?

స్పానర్‌బాబాయ్:

ఆగిన బండికి న్యూట్రల్ దొరక్కపోవడం మామూలే, లోపల పళ్లు ఒకదానికొకటి ఎదురుగా నిలిచిపోతాయి. వెనక చక్రాన్ని చేత్తో కాస్త తిప్పుతూ కాలి బొటనవేలితో సగం ఎత్తండి, పూర్తిగా ఎత్తితే రెండుకి పోతుంది. గ్రౌండులో అయితే ఆగకముందే, చక్రం ఇంకా తిరుగుతుండగానే రెండు నుంచి సగం కిందికి తట్టాలి. ఆగిపోయాక గుర్తొస్తే క్లచ్‌ని వెంట్రుకవాసి వదిలి పట్టి మళ్లీ ప్రయత్నించండి, బ్రేకు మీద కాలు ఉంచి. న్యూట్రల్ చూపే పచ్చ లైటు వెలిగినా నమ్మేసి క్లచ్ టక్కున వదలొద్దు, మెల్లగా వదలండి. ఆ లైటు అప్పుడప్పుడు అబద్ధం చెప్తుంది.

వానకి సాధారణంగా ఆపరు, పిడుగులు పడుతుంటేనే ఆపుతారు. తడిగా ఉంటే గ్రౌండులో పెయింటు గీతల మీద బ్రేకు పడకుండా చూసుకోండి. అవి తడిస్తే సబ్బులా ఉంటాయి. చెడ్డ సంగతేమిటంటే ఆగాల్సిన గీత కూడా పెయింటే. దానికి ఒక అడుగు ముందే పని పూర్తి చేయండి.

కోన్‌మధ్య:

వానలో ఆగే దూరం ఎక్కువ పట్టినా టెస్ట్‌లో సాధారణంగా సర్దుబాటు ఇస్తారు, మొదలుపెట్టే ముందే అడగండి. ఆ గేర్ల ప్రాక్టీసు చెప్పులతో చేస్తుంటే మాత్రం మానేయండి. కోర్సుకి ఏ బూట్లు వేసుకుంటారో అవే వేసుకుని చేయండి. దళసరి బూటులో లివర్ ఎక్కడుందో కాలికి తెలియడానికే రెండు రోజులు పడుతుంది.